ఏరి పక్కన పెట్టిన పల్లీలు

ఎలుక కాలేయం చూస్తే చాలు, అది ఏం తిందో, ఇంకెన్నాళ్లు బతికేదో చెప్పగలిగేదాన్ని ఒకప్పుడు. గొప్పకు చెప్పడం లేదు. నాలుగేళ్లు పొద్దస్తమానం అదే పని చేస్తే ఎవరికైనా వస్తుంది. ఆ నాలుగేళ్లూ నా గుమ్మానికి పది అడుగుల దూరంలో ఒక మనిషి కాలేయం చెడిపోతూ వచ్చింది. అది నాకు తెలియలేదని చాలాకాలం చెప్పుకు తిరిగాను. అబద్ధం. తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను.

మాది గుంటూరు వైపు. ఎనభైల్లో మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, కొత్తపేటలో ఒక పాత పెంకుటింటి ముందు కొత్తగా వేసిన రెండు గదుల పోర్షన్‌లో దిగాం. వెనక పెంకుటింట్లో ఇంటివాళ్లు. వాళ్లది తరతరాల సేద్యం. ఎల్బీనగర్ చౌరస్తా వైపున్న వాళ్ల చేలు అప్పటికే ప్లాట్లయిపోయి, పైరుకు బదులు హద్దురాళ్లు మొలిచాయి. వారానికో కొత్త కాలనీ బోర్డు లేచేది. బోర్డే తప్ప రోడ్డుండదు, మోరీ ఉండదు, నీళ్లు అసలే ఉండవు. మా ఆయనకు ఆ బోర్డులు చదవడం ఆదివారం కాలక్షేపం. ఇంటాయనకు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఇంకా కొంత ఎర్రనేల మిగిలింది. అందులో పల్లికాయ వేసేవాడు. మేం వేరుశనగ అంటాం, వాళ్లు పల్లికాయ అంటారు. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ఇంటామెను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. యాభై దాటిన మనిషి. కాళ్లకు వెండి కడియాలు, చేతులు మగవాళ్ల చేతుల్లా పెద్దవి. పటేలని ఆమె పిలుచుకునే ఇంటాయన, కొడుకూ కోడలూ, ఇద్దరు మనవలూ, ఒక బర్రె ఆమె సంసారం. నేను బస్సు కోసం పరిగెత్తే వేళకు ఆమె పాలు పితికి చెంబుతో నా గుమ్మం ముందు నిలబడేది. నా కూతురికి అప్పుడు ఏడాదిన్నర. ఆ పాలతోనే బొద్దుగా తయారైంది. “నీ బిడ్డ కాదు, నా బర్రె బిడ్డ” అని పెద్దమ్మ నన్ను ఏడిపించేది.

నేను పనిచేసిన పరిశోధనశాల పేరు చెప్పను, చెప్తే ఒరిగేదీ లేదు. అక్కడ పీహెచ్‌డీకి చేరాను. నాకు అప్పగించిన పని ఇది. బూజు పట్టిన వేరుశనగలో ఒక విషం పుడుతుంది. దాన్ని ఎలుకల మేతలో కొద్దికొద్దిగా కలిపి పెడుతూ పోతే, నెలలు గడిచాక వాటి కాలేయంలో కేన్సర్ గడ్డలు లేస్తాయి. ఇది అప్పటికే లోకానికి తెలిసిన సంగతి. గడ్డ లేచేలోపల ఏం జరుగుతుంది, కాలేయాన్ని కాపాడాల్సిన కణాలు ఆ నెలల్లో ఏం చేస్తుంటాయి అన్నది నేను చూడాలి.

కాలేయంలో రక్తం పారే సన్నటి దారుల గోడలను అంటిపెట్టుకుని కొన్ని కణాలుంటాయి. పేగుల నుంచి వచ్చే రక్తంలో చెత్త ఏమున్నా, క్రిములు ఏమున్నా పట్టి మింగడం వాటి పని. ఎలుక తోక నరంలోకి సన్నటి నల్ల సిరా ఎక్కిస్తే ఆ నలుపునూ మింగి కూర్చుంటాయి. తర్వాత ఎలుకను చంపి, కాలేయాన్ని ఉల్లిపొరకంటే పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, మింగినవన్నీ నల్ల చుక్కలై కనిపిస్తాయి. ఆ చుక్కలు లెక్కపెట్టడమే నా చదువు. మా అమ్మ బంధువులతో “మా అమ్మాయి సైంటిస్టు” అంటుంటే నాకు నవ్వొచ్చేది.

విషం తిన్న ఎలుకల్లో మొదటి వారాల్లో ఆ కణాలు ఎక్కువయ్యేవి, ఉబ్బేవి, సిరాను ఆబగా మింగేవి. రక్తనాళాల చుట్టూ తెల్ల కణాలు గుంపులు కట్టేవి. దొంగ పడిన వీధిలా అంతా లేచి కూర్చునేది. నెలలు గడిచేకొద్దీ ఆ హడావుడి సద్దుమణిగేది. గడ్డ లేచే చోట్ల నల్ల చుక్కలు పల్చబడేవి. పెరిగిన గడ్డ లోపల వెతగ్గా వెతగ్గా ఒకటో రెండో దొరికేవి. గడ్డ అంచున మాత్రం గుంపుగానే ఉండేవి. ఉండి అడ్డుకుంటున్నాయో, గడ్డకే ఊడిగం చేస్తున్నాయో అప్పట్లో మాకు తెలియదు. మా గైడు మాత్రం అంతా తెలిసినట్టే మాట్లాడేవాడు.

ఇలాంటి పనిలో విషం పెట్టని ఎలుకల గుంపు ఒకటి ఉండి తీరాలి. అవి ఆరోగ్యంగా ఉంటేనే, పక్క గుంపులో వచ్చిన మార్పు విషం వల్లే వచ్చిందని చెప్పగలం. మొదటి ఏడాది చివర చూస్తే మా ఆరోగ్యమైన ఎలుకల్లో కూడా కణాలు ఉబ్బి ఉన్నాయి. గైడు స్లైడ్ల ట్రే బల్ల మీద విసిరికొట్టాడు.

“విషం పెట్టినవాటికీ పెట్టనివాటికీ తేడా లేకపోతే ఇక నువ్వెందుకమ్మా, నేనెందుకు?” అన్నాడు.

వెతికితే తప్పు మేతలో తేలింది. గోధుమపిండి, సెనగపిండి, వేరుశనగ పొడి కలిపి మేత తయారు చేసేవాళ్లం. బజారు నుంచి వచ్చిన వేరుశనగలోనే బూజు గింజలున్నాయి. అంటే మేం పెట్టకుండానే అన్ని ఎలుకలకూ విషం అందింది. ఏడాది పని మట్టిగొట్టుకుపోయింది. “మంచి గింజలు ఎక్కడ తెస్తావో నీ ఇష్టం. ఒక్క చెడ్డ గింజ ఉన్నా నాకు చూపించకు” అని గైడు లేచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పెద్దమ్మ చూసింది.

“ఏమైంది బిడ్డా? మొగడు గిట్ల తిట్టిండా?”

“మొగుడు కాదు పెద్దమ్మా, మా గైడు.”

“గాడెవడు తిట్టనీకె?” అని నా పక్కనే కూలబడింది. విషయం చెప్పాను. ఎలుకలకు మంచి పల్లీలు కావాలని వినగానే కడియాలు చప్పుడయ్యేలా కాళ్లు కొట్టుకుని నవ్వింది.

“ఎలుకలకా! ఓర్నీ పాడుగాను! మేం ఎలుకల సంపనీకె పిల్లిని సాదుతున్నం, నువ్వు ఎలుకలకు పల్లీలు ఏరి పెడ్తవా?” నవ్వు ఆగాక నా వీపు నిమిరింది. “ఏడ్వకు. ఇంట్ల బస్తాలున్నయి గద. పటేలుతోని నేను చెప్త. నేనే ఏరిస్త, ఒక్క గింజ చెడ్డదొస్తె నన్నడుగు.”

మర్నాడు చేట ముందేసుకుని ఆమెకు నేర్పాను. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పచ్చగా బూజు పట్టినవి, పుచ్చినవి, పగిలినవి తీసెయ్యాలి.

“ఎందుకు?” అంది.

“అవి తింటే ఎలుకల కాలేయం చెడుతుంది పెద్దమ్మా.”

సరిగ్గా ఈ మాటే అన్నాను. ఎలుకల కాలేయం. మనిషి మాట నా నోట రాలేదు. ఆ రోజు నా బుర్రలో మనుషులు లేరు.

నేను నేర్పడం ఏమిటి, వారం తిరగకముందే ఆమె నాకు నేర్పింది. భోజనాలయ్యాక వాకిట్లో కూర్చుని, బొటనవేలితో గింజను ఒక్కసారి తిప్పి తీర్పు చెప్పేసేది. అనుమానమొస్తే ముందు పళ్లతో కొరికి చూసేది. చేదైతే పక్కకు. మంచివి నా సంచిలోకి, మిగతావి పక్కనున్న తట్టలోకి. ఆ తట్ట ఎక్కడికి పోతుందో నేను ఎన్నడూ అడగలేదు. పారేస్తారనుకున్నాను. రైతు ఇంట్లో గింజ పారేస్తారనుకున్నానంటే నా తెలివి ఎలా తెల్లారిందో చూడండి.

ఏరుతూ ఏరుతూ ఒకరోజు అడిగింది, రోజంతా ఆ గొట్టంలో ఏం చూస్తావని. కణాల సంగతి నాకు చేతనైన మాటల్లో చెప్పాను. మొదట లేచి పోట్లాడతాయి, తర్వాత తగ్గిపోతాయి, చివరికి గడ్డ చుట్టూ ఊరికే నిలబడతాయి అన్నాను.

“గంతే గద! మా ప్లాట్ల కావలోడు” అంది టక్కున. ఎల్బీనగర్ దగ్గర అమ్ముడుపోని ప్లాట్లకు వాళ్లు ఒక కాపలావాణ్ణి పెట్టారు. ఎవరో వచ్చి ఆ జాగాలో గోడ లేపారు. “మొదాలు బాగ ఒర్రిండు. కట్టె పట్టుకొని ఉరికిండు. తర్వాత వాళ్లు పోసిన చాయ్ తాగిండు. ఇప్పుడు వాళ్ల గోడకే కావలున్నడు, ముండకొడుకు.”

ఇంటికి పోయి నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా గైడు గంటసేపు ఇంగ్లిషులో చెప్పేదానికంటే అది నాకు బాగా అర్థమైంది.

ఆమె ఏరిన గింజలతో కొత్త ఎలుకల మీద పని మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఆరోగ్యమైన గుంపు నిజంగానే ఆరోగ్యంగా ఉంది. కాలేయాలు ఎర్రగా, నునుపుగా, కణాలు ఎక్కడివక్కడ పద్ధతిగా. గైడు మైక్రోస్కోపులోంచి తలెత్తి మొదటిసారి నా వంక మనిషిని చూసినట్టు చూశాడు. “ఈ వేరుశనగ ఎక్కడిది? వదలకు, పని అయ్యేదాకా ఇదే వాడు” అన్నాడు. ఆ సంగతి చెప్తే పెద్దమ్మ పొంగిపోయింది. “మా పల్లీలు తిని ఎలుకలు పాసైనయంట” అని వాడకట్టంతా చాటింది.

అలా ఏడాది పైనే గడిచింది. వానలు పడుతున్న ఒక సెలవు రోజు, మధ్యాహ్నం, ఆమె స్టీలు పళ్లెంలో రెండు జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు పట్టుకొచ్చింది. రొట్టె ముక్క తొక్కులో అద్ది నోట్లో పెట్టుకున్నాను. ఎల్లిపాయ ఘాటు, కారం. వాటి కింద, నాలుక చివర, చేదు. ఆ చేదు నాకు బాగా తెలుసు. లేచి పోయి మోరీలో ఉమ్మేశాను.

“ఏంది బిడ్డా, కారమెక్కువైందా?”

“ఈ పల్లీలు ఎక్కడివి పెద్దమ్మా?”

“ఎక్కడియేంది? నీ ఎలుకలకు ఒద్దన్నయే.”

“ఎన్నాళ్లనించి తింటున్నారు?”

“ఏరుడు మొదలువెట్టినప్పటిసంది. పారేస్తమా మరి? అమ్మేది మంచిది, తినేది తాలు. మా అత్త గట్లనే తిన్నది, నేను గట్లనే తింటున్న. చేదు తెల్వకుండ జర ఎల్లిపాయ ఎక్కువేస్త, గంతే.”

అప్పుడు లెక్క తట్టింది నాకు. నేను రాకముందు పైపైన చెరిగిన తాలే తీసేవాళ్లు, మిగతా మంచీ చెడూ కలిసే ఉండేవి. కలిసే మిల్లుకు పోయేవి, కలిసే వంటింట్లోకి వచ్చేవి. నేను వచ్చి వేరు చేయించాను. బస్తాల్లోని మంచిదంతా ఎలుకలకు పట్టుకుపోయాను. చెడ్డదంతా, ఏరి, పోగుచేసి, ఆమె పళ్లెంలో మిగిల్చాను.

“తినకండి పెద్దమ్మా. వాటిలో విషం ఉంటుంది. కాలేయం చెడిపోతుంది” అన్నాను.

“ఎలుకలకు గద?”

“మనుషులకు కూడా.”

“నీ ఎలుక ఎంతుంటది, నేనెంతుంట?” అని నవ్వబోయింది. ఇంతలో ఇంటాయన బయటినుంచి వచ్చాడు. ఏమిటని అడిగాడు. “మన పల్లీల విషమున్నదంట” అంది ఆమె, అదేదో సరదా మాటలా.

ఆయన మొహం మారిపోయింది. “మా చేన్ల పల్లీల విషమా? ఏడాదిసంది నువ్వే తీస్కపోతున్నవు గదమ్మా. గీ మాట బజాట్ల పడితె మా పంట ఎవడు కొంటడు? ఏం మాట్లాడుతున్నవో జర సోచాయించుకొని మాట్లాడు.”

నేను చల్లగా వెనక్కి తగ్గాను. “అబ్బే, అలా కాదండీ, మీ పంటనని కాదు, చెడ్డ గింజలు మాత్రమే…” అని నీళ్లు నమిలాను. పాపం, నన్ను ఒడ్డున పడేసింది కూడా ఆమే.

“గంత పరేషానెందుకు ఇద్దరికి? బర్రెకేస్త తీయ్” అంది.

“సరే పెద్దమ్మా” అన్నాను.

ఆ ‘సరే’ ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది. ఆ తట్ట లాక్కుని తగలబెట్టాల్సింది. గడ్డలు తేలిన ఎలుక కాలేయాన్ని సీసాలో తెచ్చి వాకిట్లో పెట్టి, ఇదిగో చూడు అనాల్సింది. ఎందుకు చెయ్యలేదు? నా పనికి ఇంకా నాలుగు నెలలు ఆ గింజలు కావాలి. ఇంటాయనకు కోపమొస్తే గింజలు ఆగిపోతాయి, గింజలు ఆగితే మళ్లీ ఏడాది వెనక్కి పోతాను. నాకు నా ఎలుకలు ముఖ్యమయ్యాయి. ఇంతకంటే మర్యాదగా చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

మర్నాడు గైడుతో చెప్పాను. విని, కళ్లజోడు తుడుచుకుంటూ, “మనుషుల సంగతి మన ప్రాజెక్టులో లేదమ్మా” అన్నాడు. మీటింగుల్లో పేదల ఆహారం గురించి, రైతుల ఆరోగ్యం గురించి ఆయన చెప్పే శ్రీరంగనీతులు వింటే రాళ్లు కూడా కరగాలి. నేను ఆయన్ని తిట్టుకున్నాను గానీ లోపల హమ్మయ్య అనుకున్నాను కూడా. పెద్దవాడే అలా అంటే ఇక నాదేముంది అని.

నేను చేసింది అక్కడితో ఆగలేదు. బర్రెకేస్త అంది కదా. ఆ విషం పశువు తింటే పాలల్లోకి దిగుతుందని చదివిన మనిషిని నేను. ఆ పాలు నా కూతురు తాగుతోంది. మూడో రోజు పొద్దున పెద్దమ్మ చెంబుతో గుమ్మంలో నిలబడగానే, “ఇక మాకు పాలొద్దు పెద్దమ్మా, పాల బూత్ కార్డు తీసుకున్నాం” అనేశాను.

“ఎందుకు బిడ్డా?” అంది.

“ఆయనే తీసుకున్నారు” అని అబద్ధం ఆయన మీదికి తోశాను.

చెంబు వంక ఒకసారి చూసుకుని, “గట్లనా” అని వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఇద్దరు మనవలు అవే పాలు తాగుతున్నారు. వాళ్ల గురించి నేను ఒక్క మాట అనలేదు. నా బిడ్డను మాత్రం ఒడుపుగా పక్కకు లాక్కున్నాను. మంచిది వేరు, చెడ్డది వేరు చేయడం నాకు బాగా అలవాటైంది కదా.

ఆ తర్వాత ఆమె నాతో మునుపటిలా పరాచికాలు ఆడలేదు. గింజలు మాత్రం చివరి సంచి దాకా అంతే జాగ్రత్తగా ఏరిచ్చింది. ఒక్క చెడ్డ గింజ రాలేదు. పని పూర్తయింది, థీసిస్ రాశాను. ఆరోగ్యమైన గుంపుకు పెట్టిన మేత గురించి అందులో ‘చేతితో ఏరిన వేరుశనగ’ అని ఉంటుంది. ఎవరి చేతితో అన్నది ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు.

మరుసటేడు ఎండాకాలంలో ఆమెకు అన్నం సయించడం మానేసింది. కుడి డొక్కలో నొప్పి అనేది. బర్రె దగ్గర కూర్చుంటే లేవలేకపోయేది. కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. చంపాపేటలో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు, మూడు పూటలు పోయించారు, ఉప్పు లేని పథ్యం పెట్టారు. చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. వాకిట్లో ఆ పొట్ట చూసిన రోజే నాకు తెలిసిపోయింది. అలాంటి పొట్టలు నేను చాలా కోశాను.

పెద్ద దవాఖానకు తీసుకుపోయిన రోజు నేనూ వెళ్లాను, టిఫిన్ డబ్బా పట్టుకుని. డాక్టరు కాలేయంలో గడ్డ ఉందన్నాడు, బాగా ముదిరిందన్నాడు. “కల్లు తాగుతుందా?” అని అడిగాడు.

“పండుగలకు, పబ్బాలకు ఇంత తాగుతది సార్” అన్నాడు ఇంటాయన.

డాక్టరు తలాడించి ఏదో రాసుకున్నాడు. మంచం మీద పెద్దమ్మ సిగ్గుతో మొహం అటు తిప్పుకుంది. బోనాల పండుగకు గుక్కెడు కల్లు తాగిన పాపానికి ఆమె తాగుబోతు అయింది. నేను తేలు కుట్టిన దొంగలా డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

వరండాలో ఇంటాయన నా దగ్గరికి వచ్చాడు. పొలం పోయిన సంగతి చెప్పినప్పుడు కూడా అంత చిన్నగా కనిపించలేదు ఆ మనిషి.

“ఆ దినం పల్లీలని చెప్పినవు గదమ్మా” అన్నాడు. “బర్రెకు రెండు దినాలేసింది. పాలు తగ్గినయని బంద్ జేసింది. పిల్లలకు పెట్టలే, నాకు పెట్టలే. నువ్వు ఒద్దన్నవు గదా, నీ మాట మీద గురి. పారేసుడు పాపమని తానొక్కతే దంచుకొని తిన్నది. మిగిలిన సంచి నిన్ననే మా బామ్మర్ది ఇంటికి పంపిన, వాళ్ల ఆవు తింటదని. గది కాదు గదమ్మా? డాక్టరు కల్లు అన్నడు గద?”

నా నోట్లోకి నిజం వచ్చింది. పెదాల దాకా వచ్చింది. ఆయన కళ్లు నన్ను కాదనమని బతిమాలుతున్నాయి, నా భయం కూడా అదే అడుగుతోంది.

“కాదులెండి” అన్నాను.

నిజంగా అదేనా అంటే, ఈరోజుకీ ఒట్టు పెట్టి చెప్పలేను. ఆమె పుట్టినప్పటినుంచి అవే తాలు గింజలు తింది. ఎప్పుడో కామెర్లు వచ్చి ఉండొచ్చు, గడ్డ నేను ఆ ఇంటికి రాకముందే మొదలై ఉండొచ్చు. ఒక్క ప్రాణితో ఏదీ రుజువు కాదని మా శాస్త్రం చెప్తుంది. ఆ శాస్త్రం చాటున దాక్కుని చాలా ఏళ్లు హాయిగానే బతికాను. కానీ ఒక లెక్క మాత్రం తప్పదు. బర్రె ఆ గింజలు తిన్నది రెండు రోజులు. అంటే నేను వద్దన్న పాలు మంచి పాలే. చెడ్డదంతా ఆమె తన లోపలికే తీసుకుంది.

దవాఖానలో చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. వాకిట్లో, ఆమె పల్లీలు ఏరిన చోటే, మంచం వేశారు. ఒకరోజు పొద్దున నన్ను పిలిపించింది. దగ్గర కూర్చున్నాను. చర్మమంతా పసుపు రాసినట్టుంది.

“నీ ఎలుకలు మంచిగున్నయా?” అంది.

“ఉన్నాయి పెద్దమ్మా.” అప్పటికి అవన్నీ చచ్చి చాలాకాలమైంది.

“నిన్నొక్క మాటడుగుత. నా మీద ఒట్టు, నిజం చెప్పాలె.”

అడగబోయేది ఏమిటో తెలుసనుకున్నాను. ఈసారి చెప్పేద్దామనే అనుకున్నాను, దేవుడి సాక్షిగా.

“నా పాలల్ల నీళ్లు కలుపుతనని బంద్ జేసినవా?”

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

“ఎన్నడు కలపలే బిడ్డా. నీ పిల్ల తాగే పాలల్ల చుక్క నీళ్లు కలిపితె నా చేతులు పడిపోను. ఎవలన్న చెప్పిన్రా నీకు? గప్పటిసంది మనసుల వెట్టుకొని ఉన్న, అడుగుదామంటె నోరొస్తలేదు.”

దాదాపు ఏడాది. ఒంట్లో గడ్డ పెరుగుతుంటే ఈమె మోసింది ఈ బాధ. ఆమె చేయి పట్టుకున్నాను. చెప్పాల్సిన నిజం ఒకటే ఉంది, అది చెప్తే మిగతాదంతా వెంట వస్తుంది.

“అయ్యో, అదేం లేదు పెద్దమ్మా. పాపకు బర్రె పాలు పడలేదు. కడుపునొప్పి వచ్చేది. మీరు బాధపడతారని చెప్పలేదు” అన్నాను.

ఆమె మొహం విచ్చుకుంది. నిజంగా విచ్చుకుంది, నేను చూశాను. “గంతేనా! పిచ్చిదానా, చెప్తె ఏమైతుండె?” అని నా చెంప మీద మెల్లగా కొట్టింది. తల తిప్పి ఇంట్లోకి కేకేసింది, ఉన్న ఓపికంతా కూడదీసుకుని. “ఇన్నవా? పిల్లకు బర్రె పాలు పడలేదంట! గందుకే ఒద్దన్నదంట!” మళ్లీ నా వైపు తిరిగి, “ఆవు పాలు పడ్తయి. మా తమ్మునింట్ల ఆవున్నది. రేపటిసంది పంపమంట. పైసలు గిట్ల మాట్లాడకు” అంది.

మర్నాడే చెంబెడు ఆవు పాలు నా గుమ్మం ముందుకు వచ్చాయి. మిగిలిన సంచి తింటున్న ఆవు అదే. దానికి ఆ గింజలు పెట్టొద్దని కబురు చేయడానికి కూడా నాకు నోరు రాలేదు. ఎందుకని అడుగుతారు కదా.

నాలుగో రోజున ఆమె పోయింది. పాలు మాత్రం ఆగలేదు. ఆమె చెప్పి పోయిన మాట అని, పదకొండో రోజు దాకా ఆ తమ్ముడు రోజూ పొద్దున చెంబు పంపాడు. నేను తీసుకుని, తలుపేసుకుని, మోరీలో పోసేదాన్ని. చెంబు శుభ్రంగా కడిగేదాన్ని. ఇచ్చినవాళ్లకు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ నేర్పింది, అందుకని అడుగున కాస్త పంచదార వేసి పంపేదాన్ని.